చారు మరగకూడదని తెలిసినవాళ్లం, ఆకుని ఎందుకు ఉడకబెడుతున్నాం?

మా పెద్దమ్మ చారు పెట్టేటప్పుడు పొయ్యి దగ్గర నుంచి కదలదు. ఫోను మోగినా, వీధి గుమ్మంలో ఎవరైనా పిలిచినా "ఉండండి, చారు పొంగొస్తంది" అంటుందే తప్ప గరిటె వదలదు. చింతపండు పులుసు, టమాటా, ఉప్పు, పసుపు ఎంతసేపు కాగినా ఆవిడకి పట్టింపు లేదు. మిరియాలు, జీలకర్ర, ధనియాలు దంచి వేశాకే అసలు కాపలా మొదలవుతుంది. గిన్నె అంచు వెంట సన్నటి నురగ లేస్తుంది. ఆ నురగ నాలుగు వైపుల నుంచీ వచ్చి మధ్యలో కలుసుకునేలోపు స్టవ్ కట్టేసి, కొత్తిమీర తుంచి వేసి, మూత పెట్టేస్తుంది. "మరిగితే వాసనెల్లిపోద్ది, చేదెక్కిపోద్ది" అంటుంది. విజయనగరం దాసన్నపేటలో మా ఇంటికొచ్చి ఆ చారు తిన్నవాళ్లెవరూ ఆ మాట కాదనలేదు.

అదే పెద్దమ్మ, అదే పొయ్యి మీద, సాయంత్రం నాలుగింటికి టీ పెడుతుంది. నీళ్లు, పాలు, పంచదార, టీ పొడి అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి, సెగ తగ్గించి, పెరట్లో ఆరిన బట్టలు తీసి మడత పెట్టడానికి వెళ్తుంది. తిరిగొచ్చేసరికి పావుగంట. గిన్నెలో ఉన్నది ఇటుక రంగుకి తిరిగి, పైన మీగడ కట్టి ఉంటుంది.

ఒకే మనిషి, ఒకే పొయ్యి. చారు దగ్గరున్న జాగ్రత్త టీ దగ్గరికొచ్చేసరికి ఏమైపోయింది? రెండేళ్లుగా నా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఇది. ఆకు టీ, పూల టీ, వేర్ల కషాయం, వీటిని సరిగ్గా పెట్టుకోవడం ఎక్కడి నుంచో కొత్తగా తెచ్చుకోవలసిన విద్య కాదని నేను నమ్ముతున్నాను. అది మన వంటింట్లో ఉన్నదే. ఒక్క టీ గిన్నె దగ్గరే దాన్ని పక్కన పెట్టేశాం.

కాఫీ సంగతే చూడండి. ఫిల్టర్‌లో పొడి వేసి, పైన బిళ్ల అదిమి, మరుగుతున్న నీళ్లు దించి పోసి, మూత పెట్టి వదిలేస్తాం. డికాక్షన్ చుక్కచుక్కగా దిగేదాకా ఎదురు చూస్తాం. దిగిన డికాక్షన్‌ని మళ్లీ పొయ్యి మీద పెట్టి మరిగిస్తే ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకుంటారా? వేడి నీళ్లు పోయాలి, మూత పెట్టాలి, ఆగాలి. ఈ మూడు పనులే మంచి ఆకు టీకి కూడా కావలసింది.

నాకిది అర్థమవడానికి వంద గ్రాముల మంచి ఆకు పాడైంది. మా చిన్నాన్న కొడుకు డార్జిలింగ్ వెళ్లొస్తూ ఒక ప్యాకెట్ తెచ్చాడు. మార్చి, ఏప్రిల్ నెలల్లో కోసే తొలి చిగురు, అక్కడివాళ్లు ఫస్ట్ ఫ్లష్ అంటారు. మన టీ పొడిలా గుండ్రటి నల్ల రవ్వ కాదు. ఎండిన గరికలా, ఆకుపచ్చా గోధుమరంగూ కలిసిన సన్నటి పుల్లలు. పెద్దమ్మ రోజూ చేసినట్టే పాలల్లో వేసి మరిగించింది. రంగు రాలేదని ఇంకో రెండు చెంచాలు వేసింది. చివరికి గ్లాసుల్లోకి వచ్చింది పాల రంగులోనే ఉంది గానీ, గొంతులో గడ్డి నమిలినట్టు పట్టుకుంది. "ఏటే ఇది? రుచీ పచీ నేదు, వగరొకటి" అంది. మూడు రోజులు అలాగే పెట్టుకున్నాం. తర్వాత ఆ ప్యాకెట్ అలమరలో సాంబారు పొడి డబ్బా పక్కకి చేరింది. నెల తిరిగేసరికి ఆకుకి ఇంగువ వాసన పట్టేసింది. టీ ఆకు చుట్టుపక్కల ఏ వాసన ఉన్నా పీల్చేసుకుంటుంది. మల్లెపూల మధ్య పరిచి మల్లె టీ చేసేది ఆ గుణాన్ని వాడుకునే. మనకేమో సాంబారు టీ అయింది. ఇప్పుడు మా ఇంట్లో ఆకు ఉండేది గట్టిగా మూత పడే స్టీలు డబ్బాలో, అదీ పోపులపెట్టెకి, ఎండు చేపలకి దూరంగా, ఎండ తగలని చోట.

రెండోసారి ఆ ఆకు తెప్పించుకున్నప్పుడు ఒక గాజు గ్లాసు తీసుకున్నాను. అడుగున రెండు గ్రాములు వేసి, కాగి దించిన నీళ్లు పోసి, పైన చిన్న పళ్లెం మూత పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. పుల్లలన్నీ కాసేపు పైనే తేలాయి. తర్వాత ఒక్కొక్కటీ తడిసి బరువెక్కి, నిలువుగా, తొందర లేకుండా కిందికి దిగడం మొదలుపెట్టాయి. దిగుతున్న ప్రతి పుల్ల వెంటా నీళ్లలో సన్నటి పసుపు చార. రెండో నిమిషం దాటాక ఒక పుల్ల విప్పుకుంది. రెండు ఆకులు, వాటి మధ్య ముడుచుకున్న మొగ్గ, మూడూ ఒకే కాడకి. ఆకు అంచున రంపపు పళ్లు కూడా తెలుస్తున్నాయి. కొండ మీద ఎవరో వేళ్లతో తుంచింది తుంచినట్టే నా గ్లాసులో ఉంది. మూడు నిమిషాలకి వడకట్టాను. లేత బంగారు రంగు నీళ్లు. మొక్కజొన్న పొత్తు ఒలిచినప్పుడు వచ్చే పచ్చి వాసన, దాని వెనకే ఏదో పువ్వు. పంచదార వెయ్యలేదు. తాగాక నాలుక మీద చాలాసేపు తీపి మిగిలింది.

పెద్దమ్మ ఒక గుక్క తాగి "ఇది టీ కాదు గానీ బాగుంది" అంది. ఆ మాటలో సగం నాకు అభ్యంతరం. టీ అంటే అసలు ఇదే.

గ్రీన్ టీ, ఊలాంగ్, బ్లాక్ టీ వేర్వేరు మొక్కలని చాలామంది అనుకుంటారు. అన్నీ ఒకే మొక్క, కమేలియా సైనెన్సిస్. చైనా రకం, అస్సాం రకం అని అందులో రెండు ముఖ్యమైన తెగలున్నాయి, అంతే. మిగతా తేడా అంతా కోశాక చేసే పనిలో ఉంది. కోసిన ఆకుని నలిపితే, కోసి వదిలేసిన వంకాయ ముక్కలాగా గాలి తగిలి నల్లబడుతుంది. నల్లబడక ముందే ఆవిరి పట్టో, మూకుడులో వేయించో ఆ మార్పుని ఆపేస్తే గ్రీన్ టీ. పూర్తిగా నల్లబడనిచ్చి ఆరబెడితే బ్లాక్ టీ. సగంలో ఆపితే ఊలాంగ్. పచ్చి ఆకులో ఉండే కేటెకిన్లు అనే వగరు పదార్థాలు ఈ మార్పులో కొంత కరిగిపోయి, ఎర్రటి రంగునీ చిక్కదనాన్నీ ఇచ్చే వేరే పదార్థాలుగా మారతాయి. అందుకే గ్రీన్ టీ మీద సలసల మరుగుతున్న నీళ్లు పోస్తే ఒక్కసారిగా వగరు దిగిపోతుంది. తీపినీ కమ్మదనాన్నీ ఇచ్చే థియానిన్ లాంటివి తక్కువ వేడికే నీళ్లలోకి వచ్చేస్తాయి. వగరు దండిగా దిగడానికి ఎక్కువ వేడి కావాలి, ఎక్కువసేపు కావాలి. టీ పెట్టడంలో ఉన్న కిటుకంతా ఇక్కడుంది. కమ్మదనం దిగాక, వగరు పూర్తిగా దిగకముందు ఆకుని నీళ్లలోంచి తీసేయాలి. చారుకి పొంగు రాకముందే స్టవ్ కట్టేసినట్టు.

వగరు అనే మాట మనకి ఉండటం ఎంత అదృష్టమో టీ గురించి చదవడం మొదలుపెట్టాకే తెలిసింది. చేదు వేరు, వగరు వేరు అని మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదు, మామిడి పిందె వగరు అని అయిదేళ్ల పిల్లకి తెలుసు. పలాస వైపు జీడిమామిడి తోటల్లో తిరిగినవాళ్లకి ఇంకా బాగా తెలుసు. జీడిపండు రసం తీపిగానే మొదలై, రెండు క్షణాల్లో గొంతంతా పట్టేస్తుంది. అది రుచి కూడా కాదు, నోటి లోపలి తడిని లాగేసే ఒక పట్టు. టీలో ఆ పట్టు కొంచెం ఉండాలి, అది లేని టీ చప్పగా ఉంటుంది. చేదు మాత్రం ఎక్కువసేపు వదిలేశామని ఆకు చెప్పే కబురు. ఈ రెండింటినీ నాలుక మీద విడదీసి చూడగలిగితే ఎవరి టీ వాళ్లు దిద్దుకోవచ్చు. చేదుగా ఉంటే నిమిషం తగ్గించాలి. చప్పగా ఉంటే నిమిషం పెంచడం కాదు, ఆకు పెంచాలి.

మరి పాలల్లో మరిగించే అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ టీని నేను తీసిపారెయ్యను. తెల్లవారుజామున గంటస్తంభం దగ్గర బస్సు దిగి, చలికి చేతులు రుద్దుకుంటూ తాగే అల్లం టీకి సాటి వచ్చేది లేదు. కానీ అది వేరే సరుకు. 1930ల మొదట్లో అస్సాంలోని అమ్‌గూరి తోటలో విలియం మెకెర్చర్ అనే ఆయన ఒక యంత్రం తయారు చేశాడు. పళ్లున్న రెండు రోలర్ల మధ్య ఆకుని నలిపి, చీల్చి, గుండ్రటి రవ్వగా చుట్టేస్తుంది. సీటీసీ అంటే అదే. మన దేశంలో తయారయ్యే టీలో అత్యధిక భాగం ఇదే. ఆ రవ్వ నుంచి నిమిషంలో రంగు దిగుతుంది, కొంచెం పొడితో ఎక్కువ గ్లాసులు వస్తాయి. పాలల్లోని కేసిన్ అనే ప్రొటీన్ ఆ వగరుని పట్టుకుని మెత్తబరుస్తుంది. తక్కువ డబ్బుకి ఎక్కువమందికి వేడిగా, తీపిగా, గట్టిగా ఒక గ్లాసు అందించడానికి అంతకంటే మంచి ఉపాయం దొరకదు. దానికి కూడా పావుగంట అక్కర్లేదు. నీళ్లలో అల్లం దంచి ముందు బాగా మరిగించి, పొడి వేసి రెండు నిమిషాలు ఉంచి, పాలు పోసి ఒక పొంగు రానిస్తే చాలు. అల్లం ముందే మరగాలి. పచ్చి అల్లంలో పాలని విరిచే గుణం ఉంది, మరిగితే అది పోతుంది.

బెంగాల్ రైల్వే స్టేషన్లలో వెనకటి రోజుల్లో టీ ఎలా పెట్టుకోవాలో బొమ్మలు వేసి నేర్పిన ఎనామిల్ బోర్డులు ఉండేవి. ఎగుమతులు పడిపోయిన 1930లలో, మన జనానికి టీ అలవాటు చెయ్యడానికి తోటల యజమానులు పెద్ద ప్రచారం చేశారు. వాళ్లు నేర్పింది కూడా మరిగించడం కాదు. ఆకు మీద వేడి నీళ్లు పోసి, కొన్ని నిమిషాలు ఆగి, తర్వాత పాలు కలుపుకోమనే చెప్పారు. ఆకు ఖరీదు, పాలు చవక అయిన చోట జనం తమ దారి తాము చూసుకున్నారు. దానికి ఎవరినీ తప్పు పట్టలేం.

ఆకుని గౌరవించాలని నేను ఇంత పట్టుగా అనడానికి ఇంకో కారణం ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అస్సాం తోటలకి కూలీలు వెళ్లిన ప్రాంతాల్లో మనదీ ఒకటి. అప్పటికి శ్రీకాకుళం, విజయనగరం అని జిల్లాలు లేవు. మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం, విశాఖపట్నం అనే రెండు పెద్ద జిల్లాలుండేవి. కరువుకి, అప్పుకి తట్టుకోలేక అక్కడి మైదానాల నుంచి, కొండల నుంచి మనుషులు కదిలి వెళ్లారు. ఈనాటికీ అస్సాం తోటల్లో సవర గిరిజనులు ఉన్నారు, తెలుగు మూలాలున్న కుటుంబాలున్నాయి. సీతంపేట కొండల్లో ఉన్న సవరలు, బ్రహ్మపుత్ర ఒడ్డున తేయాకు కోస్తున్న సవరలు ఒకే జనం. రెండాకులూ ఒక మొగ్గా వేళ్ల మధ్య పట్టి తుంచడం ఇప్పటికీ ఎక్కువగా ఆడవాళ్ల పని. నా గ్లాసులో ఆకు విప్పుకున్న రోజు నేను తలుచుకున్నది వాళ్లనే. అంత జాగ్రత్తగా తుంచినదాన్ని పావుగంట ఉడకబెట్టి పిప్పి చెయ్యడం నాకు మనసొప్పదు.

ఇక పెట్టే పద్ధతి. ఇందులో నాకు బాగా పనికొచ్చినవి మూడే.

ఒకటి, తూకం. చెంచా లెక్క మోసం చేస్తుంది. సీటీసీ రవ్వ చెంచాడు వేస్తే రెండున్నర, మూడు గ్రాములు తూగుతుంది. పొడుగాటి ఆకు అదే చెంచాలో గ్రాము, గ్రామున్నర కూడా రాదు, మధ్యలో అంతా గాలే. చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కుంటే సమస్య తీరిపోతుంది. 150 మిల్లీలీటర్ల నీళ్లకి రెండు గ్రాముల నుంచి రెండున్నర. టీ రుచి చూసే నిపుణులు పాటించే అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 3103, వంద మిల్లీలీటర్లకి రెండు గ్రాములు వేసి మరుగుతున్న నీళ్లు పోసి ఆరు నిమిషాలు ఉంచమంటుంది. అది ఆకులో లోపాలు బయటపెట్టడానికి పెట్టుకున్న పద్ధతి, తాగడానికి గట్టిగా ఉంటుంది. అయినా అందులో కూడా ఆకుని పొయ్యి మీద పెట్టరు.

రెండు, వేడి. థర్మామీటర్ అక్కర్లేదు. మన భాషలోనే ఉంది. గోరువెచ్చన, వెచ్చన, పొగలు కక్కుతున్న, సలసల మరుగుతున్న, ఇన్ని మెట్లు ఊరికే రాలేదు. బ్లాక్ టీకి సలసల మరుగుతున్న నీళ్లు దించి వెంటనే పొయ్యాలి, మూడు నాలుగు నిమిషాలు. ఊలాంగ్‌కి, డార్జిలింగ్ తొలి చిగురుకి ఒక్క నిమిషం ఆగి పోస్తే బాగుంటుంది. గ్రీన్ టీకి 70, 80 డిగ్రీలే కావాలి, రెండు నిమిషాలు చాలు. దానికి నేను చేసేది తిరగబొయ్యడం. మరిగిన నీళ్లని ఒక చల్లటి స్టీలు గ్లాసులోకి, అక్కడి నుంచి ఇంకో గ్లాసులోకి మారుస్తాను. ఒక్కసారి మారిస్తే దాదాపు పది డిగ్రీలు తగ్గుతాయి. పసిపిల్లలకి పాలు చల్లార్చే అమ్మలందరికీ వచ్చిన విద్యే ఇది. అందరికీ చేదని పేరు పడ్డ గ్రీన్ టీ, రెండు సార్లు తిరగబోసిన నీళ్లతో పెడితే ఉడికించిన పచ్చి బఠాణీల్లాగా కమ్మగా ఉంటుంది. చేదు నీళ్ల వేడిలో ఉంది, ఆకులో కాదు.

మూడోది నీళ్లు, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మా ఇంటి బోరు నీళ్లతో, బయట కొన్న టిన్ను నీళ్లతో ఒకే ఆకుని పక్కపక్కనే పెట్టి చూశాను. బోరు నీళ్ల గ్లాసు రంగు నల్లగా, మురికిగా తిరిగింది, పైన నూనె తెట్టు లాంటి పొర కట్టింది. టిన్ను నీళ్ల గ్లాసులో టీ తేటగా, ఎర్రగా ఉంది. నీళ్లలోని సున్నం, టీలోని వగరు పదార్థాలు కలిసి కట్టే పొర అది. గ్లాసు కడగలేదేమోనని కోడళ్లని అనుమానించిన ఇళ్లు ఎన్ని ఉంటాయో! పప్పు సరిగ్గా ఉడకని నీళ్లతో టీ కూడా సరిగ్గా రాదు.

ఎండాకాలానికి ఇంకో దారి ఉంది. మే నెలలో మా ఊళ్లో మధ్యాహ్నం వేడి టీ ఎవరికీ సయించదు. అరలీటరు చల్లటి మంచినీళ్లలో ఆరేడు గ్రాముల ఆకు వేసి రాత్రి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి తియ్యటి, తేటైన టీ తయారవుతుంది. పొయ్యే వెలిగించక్కర్లేదు. వేడి లేదు కాబట్టి వగరు పెద్దగా దిగదు.

చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టడం అనేసరికి కొత్త ఫ్యాషన్ అనుకుంటారు. శార్ఙ్గధర సంహిత అనే ఆయుర్వేద గ్రంథం మూలికల నుంచి సారం తీసే పద్ధతుల్ని అయిదుగా విడదీసింది. ఆకు దంచి పిండిన రసం స్వరసం, నూరిన ముద్ద కల్కం. పదహారు వంతుల నీళ్లు పోసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాస్తే క్వాథం. ఒక వంతు మూలికని ఆరు వంతుల చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెడితే హిమం. నాలుగు వంతుల వేడినీళ్లు పోసి కాసేపు ఉంచి వడకడితే ఫాంటం. గ్రీన్ టీ ఫాంటం, ఫ్రిజ్‌లో పెట్టింది హిమం, అల్లం కషాయం క్వాథం. ఇంత తేటగా విడదీసి పెట్టుకున్న మనం ఇప్పుడు అన్నిటినీ కషాయం అనే ఒకే గిన్నెలో వేసి మరిగిస్తున్నాం.

తులసినే తీసుకోండి. దాని ఘాటంతా ఆవిరైపోయే నూనెలో ఉంది, లవంగంలో ఉండే యూజినాలే తులసిలోనూ ఉంటుంది. పది నిమిషాలు మూత లేకుండా మరిగిస్తే ఇల్లంతా తులసి వాసన వస్తుంది, గ్లాసులో మాత్రం రాదు. ఇంటికి వచ్చిన వాసనంతా గ్లాసులోంచి పోయిందే కదా. తుంచి, వేడినీళ్లు పోసి, మూత పెట్టి అయిదు నిమిషాలు ఆగాలి. మూత తీసినప్పుడు దాని అడుగున ఉన్న చుక్కల్ని కూడా గ్లాసులోకే వంచుకోవాలి. నిమ్మగడ్డి కూడా అంతే, కత్తెరతో సన్నగా కత్తిరిస్తే బాగా దిగుతుంది. అల్లం, శొంఠి, మిరియాలు, దాల్చినచెక్క లాంటి గట్టివి మాత్రం కాగాల్సిందే. పచ్చి అల్లం కంటే శొంఠి ఘాటుగా ఉండటానికి కారణం, ఎండేటప్పుడు అల్లంలోని జింజరాల్ ఇంకా కారమైన షోగాల్‌గా మారడం. కాబట్టి శొంఠి సగం చాలు.

వేరంటే కాచాలి అనుకుని నేను ఒకసారి సుగంధిపాల వేర్లని అరగంట కాచాను. వచ్చింది గోధుమరంగు చేదు నీళ్లు, వాసన శూన్యం. వేర్లు ఇచ్చిన కొండామె తర్వాత సంతలో కలిసి, "కాస్తే ఏటుంటాది తల్లీ, నానెయ్యాలి గానీ" అంది. సుగంధిపాల వాసన వెనిలా వాసనకి దగ్గరి చుట్టం, ఇట్టే ఎగిరిపోతుంది. వేర్లు కడిగి, మధ్య పుల్ల తీసేసి, పై బెరడుని కచ్చాపచ్చాగా దంచి, కాగి దించిన నీళ్లలో మూత పెట్టి రాత్రంతా ఉంచితే పొద్దున్నకి గిన్నె మూత తియ్యగానే వంటిల్లంతా పరిమళం. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ అమ్మే నన్నారి షర్బత్‌కి మూలం ఈ వేరే. షర్బత్‌లో పంచదార ఎక్కువ. వేరు అసలు రుచి తెలియాలంటే తీపి లేకుండా తాగాలి.

ఇప్పుడు గోగు. దీని గురించి చెప్పాలనే అసలు ఈ వ్యాసం మొదలుపెట్టాను. మా అమ్మమ్మగారి ఊరు ఆమదాలవలస దగ్గర. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే గోగు కట్టలు చెరువులో నానుతుండేవి, ఆ వాసన ఊరి పొలిమేర నుంచే తెలిసేది. నార తీసి ఆరేసి జూట్ మిల్లులకి పంపేవారు. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానంలో ఈ పంట మీద పని చేసి, ఊరి పేరుతోనే ఏఎంవీ రకాలు విడుదల చేశారు. మనం కూర వండుకునే పుల్ల గోంగూరదీ, ఆ నార గోగుదీ ఒకే జాతి, హైబిస్కస్ సబ్డరిఫా. పెద్ద షాపుల్లో హైబిస్కస్ టీ అని అందమైన డబ్బాల్లో పెట్టి అమ్మేది కూడా ఆ జాతే. ఈజిప్టులో కర్కదే అనీ, సెనెగల్‌లో బిస్సాప్ అనీ ఇంటింటా తాగుతారు. అందరూ మందారం అనుకుంటారు, మందారం దానికి చుట్టం మాత్రమే.

నార గోగు కాయలు పలచగా, నూగుగా ఉంటాయి, టీకి పనికిరావు. పెరట్లో పెంచే ఎర్ర రకంలో పువ్వు రాలాక కాయ చుట్టూ కండగల ఎర్రటి రేకులు మిగులుతాయి, అవే కావాలి. కత్తి మొనతో అడుగున గుండ్రంగా కోసి, లోపలి గింజల కాయని వేలితో పైకి తోస్తే రేకులు గిన్నెలా ఊడొస్తాయి. చాటలో మూడు నాలుగు రోజులు ఎండబెట్టాలి. అయిదారు ఎండు కాయల రేకులు గ్లాసులో వేసి వేడినీళ్లు పోస్తే, అడుగు నుంచి ఎరుపు పొగలాగా లేస్తుంది. ఆరేడు నిమిషాలకి రంగు దానిమ్మ గింజలా దిగుతుంది. పులుపు చింతపండులా మొండిగా ఉండదు, వెనక ఒక పండు వాసన ఉంటుంది. చిటికెడు బెల్లం కోరు వేస్తే చాలు. పాలు మాత్రం పొయ్యకూడదు, విరిగిపోతాయి. ఇంత మంచి పానీయం మన గట్ల మీద పెరుగుతుంటే మనం దాన్ని విత్తనాలకి వదిలేసి, అదే సరుకుని డబ్బాలో వందలు పెట్టి కొంటున్నాం. దీనికి నాకు నిజంగా బాధ వేస్తుంది.

ఈ టీలన్నిటినీ ఇప్పుడు మందుల్లా అమ్ముతున్నారు. బరువు తగ్గుతుంది, షుగర్ పోతుంది, కిడ్నీలు కడుగుతుంది అని. దీని మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఉద్దానం ఉన్న ప్రాంతం మనది. కవిటి, సోంపేట, పలాస వైపు ఎన్ని ఇళ్లలో కిడ్నీ జబ్బుతో మనుషులు పోయారో, ఎందుకొచ్చిందో ఇప్పటికీ తేలని జబ్బు అది. అలాంటి చోట పేరు తెలియని ఆకుల పొడి కట్టి ఇచ్చి "రోజూ కాచుకు తాగండి" అనడం ప్రమాదం. షుగర్‌కి మంచిదని బిళ్లగన్నేరు ఆకులు నమిలేవాళ్లని, కషాయం పెట్టుకునేవాళ్లని నేను ఎరుగుదును. కేన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే మందుల్ని తీసేది ఆ మొక్క నుంచే. అలాంటి మొక్కని కొలత లేకుండా తాగుతారా? రోజూ గ్లాసులకి గ్లాసులు అతిమధురం తాగితే బీపీ పెరుగుతుంది. భోజనంతో పాటే టీ తాగితే ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లు, అంటే మన ఇళ్లలో చాలామంది, అన్నానికీ టీకీ మధ్య గంట ఎడం పెట్టుకోవడం మంచిది. కిడ్నీ జబ్బున్నవాళ్లు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు గోగు టీ అయినా సరే డాక్టర్‌ని అడిగే తాగాలి.

మందు కాకపోతే ఎందుకు తాగాలి అని మా తమ్ముడు అడిగాడు. చారు ఏ జబ్బు తగ్గిస్తుందని తాగుతున్నావురా అన్నాను. రుచిగా ఉంటే చాలదా? ఈ టీలని ఆరోగ్యం అరలోంచి తీసి వంటింటి అరలోకి మార్చాలి. మందుగా అయితే కళ్లు మూసుకుని మింగేస్తాం, రుచి చూడం. రుచి చూడనప్పుడు మంచి ఆకేదో, పాత సరుకేదో, ఎక్కువసేపు నానిందేదో తెలియదు. అప్పుడు ఏ పొడి అయినా అమ్ముడుపోతుంది.

పోయిన నవంబరులో మా పెరట్లో నాలుగు ఎర్ర గోగు మొక్కలకి రెండు చాటల కాయలు వచ్చాయి. పెద్దమ్మే కూర్చుని ఒలిచింది. ముళ్లలాంటి నూగు వేళ్లకి గుచ్చుకుంటోందని కొబ్బరినూనె రాసుకుని మరీ ఒలిచింది. గింజలు వేరే పొట్లం కట్టింది. ఎండిన రేకుల డబ్బా మీద తన చేత్తో "పుల్ల టీ" అని రాసిపెట్టింది. మొన్న ఎవరో చుట్టాలొస్తే గ్లాసుల్లో పోసి, పళ్లేలు మూత పెట్టి, గడియారం వైపు చూస్తూ నిలబడింది. వాళ్లు గ్లాసు అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి "ఉండండి, ఇంకా దిగనేదు" అంది.